ఊక బూడిద

గురువారం మధ్యాహ్నమంతా కనకం వంటింటి కిటికీ మూసి పెట్టుకుంది. పెరటి కొట్టంలో ఆమె భర్త దేవరాజన్ ఇనుముకు ఇనుము అతికిస్తున్నాడు. ఆ మంటను వట్టి కళ్ళతో చూడకూడదని చెప్పాడు. చూడకపోయినా, కిటికీ సందులోంచి దూరి ఎదుటి గోడ మీద పడే నీలి వెలుతురును బట్టి పని ఎలా సాగుతోందో ఆమెకు తెలుస్తూనే ఉంది. వెలుతురు నిలకడగా ఉన్నంతసేపూ చేటలో బియ్యం ఏరింది. అది అదిరితే ఆమె చెయ్యి ఆగింది.

అతికిస్తున్నది మురుంగపాక్కం రంగరాజన్ గారి మోటారు సైకిలు క్రాంకు, అంటే ఇంజను లోపల తిరిగే వంకర కడ్డీ. ఫ్రాన్సుకు తిరిగిపోతున్న ఒక ఇంజనీరు దొర దగ్గర ఆయన ఆ బండి కొన్నాడు. కొన్న నాలుగో నెలలో విల్లియనూరు రోడ్డు మీద ఇంజను లోపల ఏదో పెళ్ళున విరిగింది. విప్పి చూస్తే క్రాంకు ఒక కొన దగ్గర రెండు ముక్కలయింది. కొత్తది కావాలంటే ఫ్రాన్సు నుంచి స్టీమరులో రావాలి. మూడు నెలలకు వస్తే వచ్చినట్టు. "నువ్వు అతికిస్తావా?" అని ఆయన అడిగితే దేవరాజన్ వెంటనే బదులు చెప్పలేకపోయాడు.

దానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందటి వరకూ తమ ఊరు మూలకుళం చుట్టుపక్కల ఏ ఇంజను మొరాయించినా దేవరాజన్‌కే కబురు వచ్చేది. అప్పుడొకసారి ఒక రైసు మిల్లు షాఫ్టు అతికించాడు. మిల్లు యజమాని తొందర మనిషి. చల్లారడానికి ఇంకా ఎంతసేపని విసుక్కుని, అతుకు ఎర్రగా ఉండగానే కడవెడు నీళ్ళు దాని మీద కుమ్మరించాడు. వద్దని చెయ్యి పట్టుకోవలసిన దేవరాజన్ మొహమాటపడి ఊరుకున్నాడు. మూడో రోజు షాఫ్టు గాజుకడ్డీలాగా పుటుక్కుమంది. కోతల కాలమంతా మిల్లు పడుకుంది. నీళ్ళ సంగతి యజమాని ఎవరికీ చెప్పలేదు, దేవరాజనూ ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు. ఇక బజారులో చెప్పు పట్టీ తెగినా, గొడుగు కాడ ఊడినా "దేవరాజన్ అతుకురా అది" అని నవ్వుకోవడం మొదలైంది.

అప్పటినుంచి అతని చేతికి వచ్చేవన్నీ నాగలి కర్రులు, బండి చక్రాల పట్టాలు, బావి గిలకలు. అన్నానికి లోటు లేదు. కానీ ఇంజను చప్పుడు వినబడితే చాలు, తింటున్న ముద్ద చేతిలోనే పెట్టుకుని చెవి ఒగ్గే మనిషి, ఇప్పుడు వీధిలో మోటారు పోతే తల వంచుకుని మజ్జిగ పోసుకుంటున్నాడు. కనకానికి అది చూడబుద్ధి కాదు.

ఈ క్రాంకు నిలిస్తే, తోటలో కొత్తగా దింపబోయే ఆయిల్ ఇంజను కూడా నీ చేతిలోనే పెడతానని రంగరాజన్ గారు అన్నాడు. ఆయన పెడితే చుట్టూ ఉన్న తోటలవాళ్ళూ పెడతారు. నిలవకపోతే ఈ ఊళ్ళో ఇంకెవరూ అతణ్ణి ఇంజను ముట్టనివ్వరు.

పైగా అతికించేందుకు దొరికింది ఒక్క పూటే. రేవు వర్క్‌షాపులో పనిచేసే త్యాగరాజన్ పాత స్నేహం కొద్దీ గ్యాసు సిలిండరు ఇప్పించి, సాయంత్రం అయిదింటికల్లా అది తిరిగి చేరాలని మరీ మరీ చెప్పి పోయాడు.

మూడు గంటలకు నీలి వెలుతురు ఆరిపోయింది. కనకం చెంబుతో నీళ్ళు తీసుకుని కొట్టం గడప దాకా పోయి అక్కడే నిలబడింది.

"దగ్గరికి రావద్దు, ఆ నీళ్ళతో" అన్నాడు దేవరాజన్. మొహమంతా మసి, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"నీళ్ళు నీకు, దానికి కాదులే. అయిందా?"

"అతుకు బాగానే కూచున్నట్టుండాది. ఇంక అది మెల్లగా చల్లారాల. గాలి కూడా తగలకూడదు."

పట్టకారుతో ఎర్రటి క్రాంకును ఎత్తి, కొట్టం మూలనున్న పెద్ద చెక్కపెట్టెలో వేడి ఊక బూడిద మధ్య పూడ్చాడు. పైన ఇంకొన్ని తట్టల బూడిద పోసి, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు నాలుగు వైపులా అరచేత్తో అద్దాడు. "రేపు పొద్దున దాకా దీన్ని ఎవరూ కదపకూడదు" అని సిలిండరును బండి మీదికి ఎక్కించుకుని రేవుకు బయలుదేరాడు. కనకం ఉప్పూ చింతపండూ తేవడానికి అంగడికి పోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి అత్త పూంగావనం పెరటి అరుగు మీద ఇత్తడి సామానంతా వరసగా బోర్లించి పెట్టింది. కుందులు, చెంబులు, నీళ్ళ బిందె అన్నీ సాయంత్రపు ఎండలో ధగధగమంటున్నాయి. పూంగావనానికి డెబ్బై దాటాయి. ఇంటిపని చాలావరకు కోడలికి వదిలేసినా, శుక్రవారపు దీపానికి గురువారం ఇత్తడి తోమే పని మాత్రం ఎవరికీ ఇవ్వదు.

"మొహం చూసుకోవచ్చు అత్తా, ఈ బిందెలో" అంది కనకం.

"నీ మొహం చూసుకో. నాదైతే అన్నీ ముడతలే కనబడతాయి" అంది అత్త తృప్తిగా.

మర్నాడు తెల్లవారాక దేవరాజన్ బూడిదలోంచి క్రాంకును తీశాడు. అతుకు దగ్గర ఉబ్బును ఆకురాయితో అరగదీసి, రెండు కొనలనూ రెండు ఇనుప దిమ్మల గాడుల్లో పెట్టాడు. కనకం కాఫీ తెచ్చి నిలబడింది. తర్వాత ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. సీమసున్నం ముక్కను కొనకు వెంట్రుకవాసి దూరంలో పట్టుకుని, కడ్డీని మెల్లగా తిప్పుతాడు. కడ్డీ తిన్నగా ఉంటే సున్నం చుట్టూ ఒకే తీరున గీత గీస్తుంది. వంగి ఉంటే, ముందుకు పొడుచుకొచ్చిన వైపు మాత్రమే తగిలి అక్కడొక మచ్చ పెట్టి ఊరుకుంటుంది.

మచ్చ పడింది. చెరిపి మళ్ళీ తిప్పాడు. అదే చోట మచ్చ.

పూంగావనం గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఏందిరా, అట్ల కూచున్నావు?"

"వంగిందమ్మా."

"అది పుట్టడమే వంకరగా పుట్టింది కదరా. ఇంక దాంట్లో వంగేదేంది?"

ఇంకోరోజయితే అతను నవ్వేవాడు. "నడుమ వంకర ఉండాల్సిందే. ఈ కొనా ఆ కొనా మాత్రం ఒక గీతలో ఉండాల. లేకపోతే ఇంజను తన్నులాడి పగిలిపోతుంది" అని, కాఫీ ముట్టకుండా గోడకు ఆనుకున్నాడు. అత్త దీపం పెట్టుకోవడానికి లోపలికి పోయింది.

"వంగితే సరిచేస్తావు గదా. ఎన్ని ఇరుసులు సరిచేయలేదు?" అంది కనకం.

"ఇరుసు వేరు. ఇది ఎందుకు వంగిందో తెలీదే. అతుకులో లోపముంటే, సరిచేసేటప్పుడు నిలిచినా రోడ్డు మీద విరుగుతుంది. నిన్న నా చెయ్యి ఎక్కడో తప్పింది. తప్పినట్టు నాకే తెలీలేదు చూడు, అదీ సంగతి. రంగరాజన్ గారికి చెప్పేస్తా, నా వల్ల కాదని."

ఆ చివరి మాట అతను చాలా మామూలుగా అన్నాడు. అందుకే కనకానికి భయమేసింది. చీపురు తీసి కొట్టం ఊడవబోయింది. అప్పుడు చూసింది బూడిద పెట్టెను. క్రాంకు తీసిన చోట తప్ప పైభాగం దేవరాజన్ అద్దినట్టే నున్నగా ఉంది. తూర్పు వైపు మాత్రం అంచు కింద లోతుగా ఒక గుంట. గుంట గోడల మీద వేళ్ళ చారలు. అరుగు మీద మెరుస్తున్న బిందె అంచున నల్లటి ఊక పొట్టు ఒకటి అంటుకుని ఉంది.

గురువారం ఇత్తడి తోమే బూడిద ఆ పెట్టెలోదే. ఇరవై ఏళ్ళుగా అక్కడిదే. కొట్టానికీ వంటింటికీ ఉన్నది ఒక్కటే బూడిద పెట్టె అన్న సంగతి నిన్న ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

అంటే అతని చెయ్యి తప్పలేదు. అత్త తీసిన గుంట గుండా గాలి పోయి ఇనుము ఒక పక్క ముందు చల్లారింది. అందుకే వంగింది.

కనకం లోపలికి చూసింది. అత్త దీపం ముందు కూర్చుని ఏదో గొణుక్కుంటోంది. ఈ మధ్య ఆమె చేతిలోంచి ఒకటీ అరా జారి పడుతున్నాయి. పడినప్పుడల్లా రెండు రోజులు మూగదైపోతోంది. కొడుకు పని పాడుచేసింది తనేనని తెలిస్తే ఇక ఆ ఇత్తడి కూడా ముట్టదు. కనకం చీపురు కింద పెట్టింది.

"ఇదో, నీ చెయ్యి తప్పలేదు. నిన్న నేను దాంట్లో బూడిద తీసినా. మతి లేకుండా. చూడు ఆ పక్క."

దేవరాజన్ లేచి వచ్చి గుంటలో చెయ్యి పెట్టి చూశాడు. కోపం వస్తుందేమోనని ఆమె ఎదురు చూసింది. రాలేదు. రెండేళ్ళుగా కనబడని వెలుగొకటి అతని మొహంలోకి వచ్చింది.

"ఎప్పుడు తీసినావు?"

"నువ్వు రేవుకు పోయినాక."

"అయితే అతుకు మంచిదే. ఒక పక్క గాలి తగిలి లాగింది, అంతే. కాచి సరిచేయొచ్చు." రెండడుగులు వేసి ఆగాడు. "నీళ్ళు పడినాయా దాని మీద?"

కనకం గుంట వైపు చూసింది.

"బోకులు తోమే తడి చేత్తో తీసినావా? చెంబుడు నీళ్ళు గుంటలో ఒలికినాయా? సరిగ్గా చెప్పు కనకం. నీళ్ళు పడలేదంటే ఇది బతికినట్టే. పడి ఉంటే మాత్రం పైకి ఎంత బాగున్నా లోపల గాజే. మిల్లు షాఫ్టు ఎట్ల పోయిందో చూస్తివి గదా. అక్కడ మనిషికి తగల్లేదు. ఇక్కడ పైన మనిషి కూచుంటాడు."

పడలేదు అనే మాట ఆమె నాలుక చివరికి వచ్చింది. అంటే చాలు, అతను కొలిమి రాజేస్తాడు. అత్తకు ఏమీ తెలియదు. అంతా చల్లగా గడిచిపోతుంది, ఆ బండి ఏ రోడ్డు మీదో విరిగితే తప్ప.

"ఉండు, వస్తా" అని ఆమె లోపలికి పోయింది.

పూంగావనం దీపం వత్తి సరిచేస్తోంది. కనకం పక్కన కూర్చుంది. "అత్తా, నిన్న బూడిద తీసేటప్పుడు చేతిలో చెంబుండిందా?"

"ఎందుకడగతా ఉండావు?"

"ఊరికే."

"కొట్టంలో వాడు గోడకు ఆనుకోనుంటే, ఈడ నువ్వు చెంబు సంగతి ఊరికే అడగతావా?" ముసలామె కోడలి మొహం చూసింది. ఆ తర్వాత కొట్టం వైపు చూసింది. మోకాళ్ళ మీద చేతులు మోపి లేచింది. "పద."

కొట్టంలో గుంట ముందు నిలబడి కొడుకుతో అంది: "తీసింది నేను. రెండు దోసిళ్ళు."

దేవరాజన్ భార్య వైపు చూశాడు. కనకం తల వంచుకుంది.

"అది తనే తీసినట్టు చెప్పిందా?" అంది పూంగావనం. "చెప్పుంటుందిలే. నన్ను గాజుబొమ్మని చేసి అటక మీద పెట్టాలని చూస్తా ఉండాది ఈ మధ్య."

"అమ్మా, అదంతా తర్వాత. నీళ్ళు పడినాయా?"

"మీ నాయన కొలిమికి ముప్పై ఏండ్లు తిత్తి ఊదినానురా నేను. కొడవలికి నీళ్ళు పెడతారు, ఉలికి పెడతారు. ఇరుసుకు పెడతారా యాడన్నా? లోపల వెచ్చగా తగిలింది. ఏదో కాగిన ఇనుముందని, తడి చెయ్యి కొంగుకు తుడుచుకోని, చెంబు గడప అవతల పెట్టేసొచ్చి తీసినా. మీ నాయన బూడిదలో ఏదీ పూడ్చి పెట్టలేదు. ఇట్ల గాలి తగిలినా చెడిపోయేది ఒకటుందని నాకు తెలీదు. నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదు" అని ఒప్పుకున్నాడు దేవరాజన్. "ఒక్క చుక్క కూడా పడలేదా?"

"చుక్క కూడా. ఇది ముందే నన్నడగాలని ఒకరికీ తోచలేదు చూడు."

తప్పు చేశానన్న బాధ ఆమె గొంతులో కొంచెమే ఉంది. మిగిలినదంతా రోషమే. కనకానికి సిగ్గేసింది. పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ, ఈమె దగ్గర ఇత్తడి తోమే చేతులు తప్ప ఇంకేమీ లేవని తను ఎప్పటినుంచి అనుకోవడం మొదలుపెట్టిందో గుర్తు చేసుకోబోయింది.

దేవరాజన్ కొలిమిలో బొగ్గులు పోశాడు. తిత్తి దగ్గరికి కనకం పోబోతే అత్త ఆమెను మోచేత్తో పక్కకు నెట్టి తానే కూర్చుంది. "నువ్వు సున్నం పట్టుకో. ఇది నీ వల్ల అయ్యే పని కాదు."

గాలి మెల్లగా, ఒకే తీరున పోయింది. క్రాంకు నల్లగా, తర్వాత కమిలినట్టు, తర్వాత లోపలినుంచి ఎరుపెక్కుతూ వచ్చింది.

"ఇంకొంచెం కాగనీ అమ్మా."

"చాలు. ఎండుమిరపకాయ రంగు దాటితే అతుకు మెత్తబడతాది. తియ్యి."

అతను తీశాడు. రెండు దుంగల మీద పెట్టి, మచ్చ ఉన్న వైపు పైకి తిప్పి, మర బిగించి మెల్లగా అదిమాడు. వదిలితే ఇనుము కొంత వెనక్కి లేస్తుంది కాబట్టి, కావలసినదానికంటే చిటికెడు ఎక్కువ వంచాలి. ఆ చిటికెడు ఎంతో ఏ పుస్తకంలోనూ ఉండదని అతను ఇదివరకెప్పుడో చెప్పాడు. చల్లారనిచ్చి, గాడుల్లో పెట్టి తిప్పాడు. కనకం సున్నం పట్టుకుంది. మచ్చ పొడుగైంది, సగం చుట్టు వచ్చింది.

"సున్నం కదలతా ఉండాదే" అన్నాడు.

"సున్నం కాదు, కడ్డీ."

"సున్నమే."

మళ్ళీ కొలిమి, మళ్ళీ మర. మూడోసారికి ముప్పావు చుట్టు. ఎండ నడినెత్తికి వచ్చింది. పొయ్యి మీద అన్నం లేదు, ఎవరూ అడగలేదు. అయిదోసారి కాచి, అదిమి, పక్కకు తీసిన బూడిదంతా మళ్ళీ పోసి పూడ్చారు. ఈసారి పూంగావనం తన పాత చీర తెచ్చి పెట్టె మీద కప్పింది. శనివారం పొద్దున తీసి తిప్పితే సున్నం ఎక్కడా ఆగకుండా చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికి వచ్చి కలిసింది. దేవరాజన్ ఇంకా నాలుగుసార్లు తిప్పాడు. అవసరముండి కాదు.

ఆదివారం రంగరాజన్ గారు వచ్చేసరికి ఇంజను బిగించి బండి వాకిట్లో నిలబెట్టి ఉంది. ఆయన నుదుట నిండుగా నామాలు పెట్టుకుని, తెల్లటి ఉత్తరీయం వేసుకుని వచ్చాడు.

"అయిందా దేవరాజా?"

"అయింది అయ్యా. ఎక్కకముందు ఒక సంగతి వినాల." దేవరాజన్ అంతా చెప్పాడు. బూడిద తీసిన సంగతి, వంగిన సంగతి, కాచి సరిచేసిన సంగతి. ఎవరు తీశారని ఆయన అడిగితే "ఇంట్లో తీసినారు, మాది ఒకటే పెట్టె" అన్నాడు. అక్కడితో ఆపకుండా రైసు మిల్లు షాఫ్టు మీద నీళ్ళు పోసిన సంగతి కూడా చెప్పాడు. రెండేళ్ళలో ఆ మాట అతను బయటివాళ్ళతో చెప్పడం కనకం వినడం అదే మొదలు.

రంగరాజన్ గారు బండినీ మనిషినీ మార్చి మార్చి చూశాడు. "ఇదంతా నాకెందుకు చెప్తా ఉండావు? చెప్పకపోతే నాకు తెలిసేది కాదే."

"మీరు దీని మీద కూచోబోతుండారు గదా."

"కూచోమంటావా, వద్దంటావా?"

"ముందు నేను పోయొస్తా. సముద్రం ఒడ్డున పిళ్ళైచావడి దాకా. విరిగితే నా కిందే విరుగుతుంది."

కనకం గుమ్మం పట్టుకుంది. వద్దంటే అత్త మాట నమ్మనట్టవుతుంది. నీళ్ళు పడలేదని చెప్పింది ఆ ఇంటి మనిషే. దేవరాజన్ పంచె ఎగగట్టి బండి కిక్కు తన్నాడు. రెండోసారికి ఇంజను అందుకుంది. వీధి చివరి దాకా బండి కనబడింది, తర్వాత చప్పుడు వినబడింది, తర్వాత అదీ లేదు.

రంగరాజన్ గారు అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకున్నాడు. కనకం మజ్జిగ ఇచ్చింది. నీడ అరుగు దిగి వీధిలోకి జరిగింది. పోవడానికి ఎంత, రావడానికి ఎంత అని ఆమె లెక్కవేసుకుని, లెక్క దాటిపోయాక వేయడం మానేసింది. పూంగావనం మాత్రం కాళ్ళు చాచుకుని ఆకు వక్క నూరుకుంటోంది.

"అత్తా, నీకు భయంగా లేదా?"

"పడలేదని చెప్పినా గదమ్మే" అంది ఆమె.

చప్పుడు మొదట ముసలామె చెవికే అందింది. రోలు పక్కన పెట్టింది. కొంతసేపటికి అందరికీ వినబడింది. తన్నులాట లేకుండా, ఒకే తీరున వస్తోంది. దేవరాజన్ వాకిట్లో దిగాడు. చక్రాల నిండా సముద్రపు ఇసుక. హ్యాండిలుకు తాటాకులో చుట్టిన వంజరం చేప వేలాడుతూ, నీళ్ళు బొట్లు బొట్లుగా పెట్రోలు ట్యాంకు మీద పడుతున్నాయి.

"అంత దూరం పోయి వట్టి చేతులతో యాడ వచ్చేది" అన్నాడు అతను కనకంతో. అప్పుడు రంగరాజన్ గారి నామాలు గుర్తొచ్చి, నాలుక కరుచుకుని తాటాకు మూటను వీపు వెనక దాచుకున్నాడు.

ఆయన ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "దీన్ని కడిగి, పసుపు నీళ్ళు చల్లి, రేపు పొద్దున నువ్వే మురుంగపాక్కం తీసుకొని రా. ఆయిల్ ఇంజను పెట్టెలు కూడా వచ్చినాయి. నువ్వొచ్చి విప్పేదాకా ఎవరూ ముట్టరు. దేవరాజా, చేప మాత్రం తేవద్దు" అని, జట్కా పిలిపించుకుని ఎక్కాడు.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఆలస్యంగా తిన్నారు. అత్త తిని అరుగు మీద నడుం వాల్చాక, దేవరాజన్ విస్తరి ముందు ఇంకా కూర్చునే ఉన్నాడు. "నువ్వే తీసినావని చెప్పినప్పుడు నమ్మేసినా నేను" అన్నాడు. "నీళ్ళు పడలేదని కూడా అనేసుంటే నమ్మేవాణ్ణే."

"తెలుసు. అందుకే నోరు రాలేదు" అంది కనకం, అతని విస్తరిలో ఇంకో ముక్క వేస్తూ.

అతను కాసేపు తిన్నాడు. "రేపు మురుంగపాక్కానికి అమ్మ కూడా వస్తానంటా ఉండాది. ఇంజను చూడాలంట. జట్కా మాట్లాడాల."

"మాట్లాడు. నేనూ తోడొస్తా" అంది. "పెట్టెలు విప్పేటప్పుడు ఏం అడగాలన్నా ముందు ఆమెనే అడుగు."